రాగాలకు రూపం కట్టిన ముసవ్విర్లు

హిజ్రీ 999వ సంవత్సరం. క్రీస్తు శకం ప్రకారం 1591. కాశీకి దగ్గరలో, గంగ ఒడ్డున ఉన్న చునార్‌లో ముగ్గురు చిత్రకారులు ఒక చిత్రాల సంపుటాన్ని పూర్తి చేశారు. చివర ఫార్సీలో తమ పేర్లు రాసుకున్నారు. షేక్ హుసేన్, షేక్ అలీ, షేక్ హాతిం. తాము ఎవరి శిష్యులమో కూడా రాశారు. మీర్ సయ్యద్ అలీ, ఖ్వాజా అబ్దుస్సమద్ అనే ఇద్దరు ఉస్తాదుల దగ్గర పని నేర్చుకున్నవారు వీరు. ఆ ఇద్దరూ హుమాయూన్ బాదుషా ఇరాన్ నుంచి ప్రత్యేకంగా రప్పించుకున్న పేరుమోసిన చిత్రకారులు.

మదర్సాలో చదివినవారికి ఈ మర్యాద కొత్తది కాదు. హదీసు విద్య పూర్తి చేసిన విద్యార్థి చేతికి సనద్ ఇచ్చేటప్పుడు అందులో ఉస్తాదు పేరు, ఆ ఉస్తాదుకు ఉస్తాదు పేరు వరుసగా వస్తాయి. విద్య ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పకుండా విద్యను గురించి మాట్లాడడం మన పెద్దలకు తెలియదు. చునార్ చిత్రకారులు కుంచె పని చేసినా ఆ సంప్రదాయాన్ని విడిచిపెట్టలేదు.

వారు చిత్రించినవి యుద్ధాలు కావు. వేట దృశ్యాలు, దర్బారు వైభవాలు కూడా కావు. వారు రాగాలను చిత్రించారు. వినడానికే తప్ప చూడడానికి వీలులేని రాగాన్ని ఒక పుటమీద మనిషిగా, చెట్టుగా, మబ్బుగా, లేడిగా మార్చి చూపారు. ఇటువంటి సంపుటాలను రాగమాల అంటారు. హిందుస్థానంలో సుమారు 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఇవి వేల సంఖ్యలో తయారయ్యాయి. రాజస్థాన్‌లో, పహాడీ సంస్థానాలలో, మన దక్కన్‌లో కూడా తయారయ్యాయి. వాటిలో ఎన్నో పుటలు ముస్లిం చిత్రకారుల చేతి పని. ఎన్నో పుటలు ముస్లిం సుల్తానుల, నవాబుల, జాగీర్దారుల ఖర్చుతో తయారైనవి. ఈ సంగతి నేడు మన పిల్లలకు తెలియదు, పెద్దలలోనూ తెలిసినవారు తక్కువ. తెలియకపోవడం వల్ల ఏం జరుగుతున్నదో ముందు ముందు చెబుతాము. మొదట ఆ పటాలను ఎలా చదవాలో చూద్దాం.

పటం చదివే తీరు

ఒక లెక్క ప్రకారం భైరవ్, మాల్కౌంస్, హిందోళ్, దీపక్, శ్రీ, మేఘ్ అనేవి ఆరు మూల రాగాలు. పూర్వపు శాస్త్రకారులు ఒక్కొక్క రాగాన్ని ఇంటి యజమానిగా భావించి ఐదుగురేసి భార్యలను కల్పించారు. వారే రాగిణులు. ఆరుగురు మగవారు, ముప్పై మంది ఆడవారు, వెరసి 36 మంది. కొందరు అక్కడితో ఆగక కొడుకులను కూడా చేర్చి ఆ సంసారాన్ని ఎనభై దాటించారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. పుట పైభాగంలో రాగం పేరు, చాలా సంపుటాల్లో ఒక పద్యం కూడా ఉంటాయి. కొన్నింటిలో నాగరి లిపి, కొన్నింటిలో ఫార్సీ లిపి, అక్కడక్కడా రెండూ.

ఆ పుటలో స్వరాలు ఉండవు. ఆరోహణ అవరోహణలు ఉండవు. ఆ రాగాన్ని ఏ వేళ పాడాలి, ఏ రుతువులో పాడాలి, వింటే మనసుకు ఏమనిపించాలి అన్న మూడు సంగతులే సంకేతాలుగా ఉంటాయి.

తోడి రాగిణి పటం తీసుకోండి. ఒక స్త్రీ ఒంటరిగా నిలబడి ఉంటుంది. భుజాన వీణ. ఎదురుగా రెండు మూడు లేళ్లు మెడలు చాచి ఆమె వైపే చూస్తుంటాయి. చుట్టూ పూసిన చెట్లు ఉంటాయి కానీ మరో మనిషి ఉండడు. భర్త దూరదేశంలో ఉన్నాడనడానికి ఆ ఒంటరితనమే గుర్తు. బెదిరి పారిపోవలసిన లేడి కాలు కదపకుండా నిలబడింది కాబట్టి ఆ నాదం ఎంత తియ్యనిదో మనం ఊహించుకోవాలి. పండిన చేనులోకి వచ్చే లేళ్లను పాటతో మరిపించే పల్లె ఆడపిల్లల రాగం ఇది అని చెప్పేవారూ ఉన్నారు. మాకు ఈ రెండో మాటే నచ్చుతుంది. చేను కాపలా ఎలాంటిదో తెలిసినవారికి ఇంకా బాగా నచ్చుతుంది.

ఆసావరి రాగిణి మరో రకం. కొండ మీద చందన వృక్షం, దాని కింద కూర్చున్న నల్లని స్త్రీ, ఆమె చుట్టూ పాములు. ఒంటి మీద ఆకుల బట్ట లేదా నెమలి ఈకల బట్ట. పాములు ఆమెను కరవవు, చెట్టు దిగి ఆమె దగ్గరకు వస్తాయి. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో నేటికీ నివసించే సవరల పేరే ఈ రాగిణి పేరులో ఉన్నదని పండితుల అభిప్రాయం. ఎక్కడో రాజపుత్రుల కోటలో గీసిన పటంలో మన కొండ ఆడపడుచు ఉండడం వింతగా లేదా?

కదలికను కాగితం మీద చూపడంలో ఈ చిత్రకారుల నేర్పు గొప్పది. హిందోళ రాగం అంటే ఊయల. త్రాళ్లు ఏటవాలుగా, పైట కొంగు గాలిలో, ఊపే చెలికత్తెల చేతులు ముందుకు. ఊయల ఏ దిశలో పోతున్నదో బొమ్మ చూడగానే తెలుస్తుంది. మేఘ రాగంలో నల్లని మబ్బు కింద ఒక పురుషుడు నర్తిస్తుంటాడు. అటు ఇటు స్త్రీలు మద్దెల వాయిస్తూ, తాళం వేస్తూ ఉంటారు. అతని ఒక పాదం నేల మీద, ఒక పాదం గాలిలో. దూరాన తెల్లకొంగల బారు. వాన పడబోతున్నదో పడుతున్నదో కానీ చూస్తుంటే చల్లగాలి తగిలినట్టే ఉంటుంది. దేశాఖ్ పటంలో మాత్రం ప్రేయసీ లేదు, ప్రియుడూ లేడు. ముగ్గురు మల్లులు కసరత్తు చేస్తుంటారు. ఒకడు గుంజ ఎక్కుతాడు, ఒకడు బరువు ఎత్తుతాడు. హైదరాబాద్ పాతబస్తీ తాలీంఖానాలో తెల్లవారుజామున కనిపించే దృశ్యమే. రాగిణి అని పేరు పెట్టి పహిల్వాన్లను గీయడమేమిటని నవ్వు రావచ్చు. ఆ రాగంలోని బిగువును చూపడానికి అంతకంటే మంచి గుర్తు వారికి దొరకలేదు కాబోలు.

విభాస్ తెల్లవారుజాము రాగం. కొన్ని పటాల్లో ప్రియుడు విల్లు ఎక్కుపెట్టి కోడి వైపు గురిపెడతాడు. కోడి కూస్తే తెల్లవారుతుంది, తెల్లవారితే విడిపోవాలి. ఫజ్ర్ వేళ అలారం గడియారాన్ని దుప్పటి కిందకు తోసేవారికి ఈ పటం సులభంగా అర్థమవుతుంది.

ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. ఈ పటాలు చూసి ఎవరూ పాట నేర్చుకోలేరు. కాలక్రమంలో రాగాలు మారాయి, పటాలు మారలేదు. నేడు కర్ణాటక సంగీతంలో తోడి అని పాడేది హిందుస్తానీ తోడి కాదు. దాని స్వరాలు హిందుస్తానీ భైరవికి దగ్గర. పటంలోని లేళ్లు వీటిలో ఏది వింటున్నాయని అడిగితే ఎవరు చెప్పగలరు? ఇవి గాయకుల కోసం గీసినవి కావు. నలుగురు స్నేహితులు దీపం వెలుగులో కూర్చుని సంపుటాన్ని చేతులు మార్చుకుంటూ, ఇది ఏ రాగమో చెప్పు చూద్దాం అనుకుంటూ ఆనందించడానికి గీసినవి.

దక్కన్‌లో

మన దక్కన్ విషయానికి వస్తే మొదట చెప్పుకోవలసిన పేరు బీజాపూర్. ఆదిల్‌షాహీల కాలంలో, సుమారు 1570 ప్రాంతంలో, అక్కడ రాగాల చిత్రాలు తయారయ్యాయి. తరువాత 17వ శతాబ్దంలో షేక్ అబ్దుల్ కరీం అనే రచయిత వాటికి ఫార్సీ వివరణ చేర్చి సుల్తాన్ ముహమ్మద్ ఆదిల్‌షా పేరిట జవాహిరుల్ మూసీఖాతె ముహమ్మదీ అని గ్రంథం చేశాడు. అది నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ముహమ్మద్ ఆదిల్‌షా తండ్రి రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా. 1580లో తొమ్మిదేళ్ల వయసులో గద్దెనెక్కాడు. చిన్నతనంలో అతని తరఫున రాజ్యం చూసినది వీరనారి చాంద్ బీబీ. ఇబ్రాహీం పెరిగి పెద్దవాడై కత్తి కంటే తంబూరాను ఎక్కువగా ప్రేమించాడు. తన తంబూరాకు మోతీఖాన్ అని పేరు పెట్టుకున్నాడు. దక్కనీ భాషలో స్వయంగా పాటలు కట్టి వాటిని కితాబె నౌరస్ అనే గ్రంథంగా కూర్చాడు. అందులో 59 పాటలు, 17 దోహాలు ఉన్నాయి. కొన్ని పాటల్లో రాగాలనే మనుషుల రూపంలో వర్ణించాడు. అంటే కుంచె చేసే పనిని మాటతో చేశాడన్నమాట. నౌరస్ అనే పదం మీద అతనికి ఎంత మమకారమంటే 1599లో బీజాపూర్ పక్కనే సంగీతకారుల కోసం ఒక కొత్త పట్నం కట్టించబూని దానికీ నౌరస్‌పూర్ అనే పేరు పెట్టాడు. 1624లో మలిక్ అంబర్ సేనలు ఆ పట్నాన్ని కొల్లగొట్టాయి.

ఆ పాటల గ్రంథానికి ఫార్సీలో ముందుమాట రాసినవాడు ఇరాన్ నుంచి వచ్చిన మహాకవి జుహూరీ. సెహ్ నస్రె జుహూరీ అనే పేరుతో అతని వచనం పాతకాలపు మదర్సాల ఫార్సీ పాఠాల్లో తప్పనిసరిగా ఉండేది. కుర్రవాళ్లు దానిని బట్టీపట్టి శైలి నేర్చుకునేవారు. ఆ వచనంలో ఒక భాగం పాటల పుస్తకానికి ముందుమాట అని ఎంతమందికి తట్టిందో!

అక్బర్ రాయబారి అసద్ బేగ్ బీజాపూర్ వచ్చినప్పుడు సుల్తాను పాట వినడంలో మునిగి అడిగిన ప్రశ్నలకు సరిగా జవాబు కూడా ఇవ్వలేకపోయాడని తన వృత్తాంతంలో రాసుకున్నాడు. ఇదే అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు పట్టుకెళ్లి అక్బర్‌కు చూపించాడు. దక్కన్ నుంచి మంచిదీ పోయింది, చెడ్డదీ పోయింది.

ఇబ్రాహీం తంబూరా వాయిస్తున్నట్టు ఫర్రుఖ్ బేగ్ గీసిన చిత్రం ఒకటి చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లోని మ్యూజియంలో ఉంది. చిడతలు పట్టుకుని నిలబడ్డ సుల్తాను చిత్రం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రాజును సింహాసనం మీద, గుర్రం మీద చూపడం లోకరివాజు. చేతిలో చిడతలతో చూపడానికి చిత్రకారుడికి ఎంత చనువు, రాజుకు ఎంత నిబ్బరం ఉండాలి!

గోల్కొండలోనూ ఇటువంటి పని జరిగింది. సుమారు 1585-90 నాటి ఐదు గోల్కొండ చిత్రాలు ఒక దీవానె హాఫిజ్ ప్రతిలో కలిపి కుట్టి ఉన్నాయి. అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే. అందులో యువ సుల్తాను ముందు నాట్యకత్తెలు ఆడుతుంటారు. తరువాత అసఫ్‌జాహీల కాలంలో, 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో, హైదరాబాద్ చిత్రకారులు రాగమాలలను విరివిగా గీశారు. తెల్లని పాలరాతి వసారాలు, పూలమళ్లు, బంగారు అంచు పైటలు వారి గుర్తులు. 1784-85లో నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న రిచర్డ్ జాన్సన్ ఆ పటాలను ఎంతో శ్రద్ధగా సేకరించాడు. 1807లో అతని సేకరణ ఈస్టిండియా కంపెనీ పరమైంది. అలా అవి కూడా లండన్ చేరాయి.

ఆదోని సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. నేటి కర్నూలు జిల్లాలోని ఆదోని ఒకప్పుడు బీజాపూర్ వారి బలమైన కోట. అక్కడి పెద్ద జామియా మసీదును కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్, హబ్షీ వంశీకుడు, ఆ కోటకు అధిపతి. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఆదోని కూడా లొంగిపోయింది. మొగలుల తరఫున కొంతకాలం ఆదోనిని ఏలినవాడు బికనేర్ రాజు అనూప్ సింగ్. 1698లో ఆదోనిలోనే మరణించాడు. దక్కన్ రాగమాలలలో అతి పురాతనమైనవి, అతి సుందరమైనవి బికనేర్ రాజుల ఇంట దొరికాయి. ఆదోని వంటి దక్కన్ కోటల నుంచే అవి ఎడారి రాజ్యానికి ప్రయాణం చేశాయని చరిత్రకారుల భావన. ఒకవైపు యుద్ధాలు జరుగుతుంటే మరోవైపు ఎవరో ఆ కాగితాలను నలగకుండా, తడవకుండా మూటగట్టి ఒంటెల మీదనో బండ్ల మీదనో వందల కోసుల దూరం చేర్చారు.

ముస్లిం చేయి, రాజపుత్ర కోట

రాజస్థాన్ వైపు చూసినా ఇదే కథ. 1605లో మేవాడ్ రాణా అమర్ సింగ్ మొగలులతో పోరాడుతూ చావండ్ అనే చిన్న ఊళ్లో రాజధాని పెట్టుకుని ఉన్నాడు. ఆ ఊళ్లో ఆ ఏట రాగమాల గీసిన చిత్రకారుడి పేరు నిసారుద్దీన్. 1628లో ఉదయపూర్‌లో మరో రాగమాల గీసినవాడు సాహిబ్‌దీన్. ఇదే సాహిబ్‌దీన్ తరువాత మేవాడ్ రాణా కోసం రామాయణం యుద్ధకాండకు చిత్రాలు గీశాడు. ఢిల్లీ బాదుషా ముస్లిం కాబట్టి ముస్లింలంతా అటు, హిందువులంతా ఇటు అని పాఠ్యపుస్తకం మోటుగా గీసే గీతను ఈ రెండు పేర్లు చెరిపేస్తాయి.

ఇక్కడ మా మాట స్పష్టంగా ఉండాలి. రాగమాల పటాల్లో అన్యధర్మాల పూజా దృశ్యాలు ఉంటాయి. భైరవి పటంలో స్త్రీ శివలింగాన్ని పూజిస్తుంది. వసంత రాగ పటంలో కృష్ణుడు నర్తిస్తాడు. తౌహీద్‌ను నమ్మిన వారికి పూజ అల్లాహ్‌కు మాత్రమే. ఆ విషయంలో బేరం లేదు. సాహిబ్‌దీన్ మనసులో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. మనకు తెలిసినదల్లా అతను తన పని నిజాయితీగా చేశాడని, చేయించుకున్నవారు అతని ధర్మం అడగలేదని.

ధర్మశాస్త్రం ఏమంటుంది?

ఈ వ్యాసం చదువుతున్న పాఠకులలో చాలామందికి ఇప్పటికే ఒక ప్రశ్న తట్టి ఉంటుంది. జీవుల బొమ్మలు గీయడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) వారించారు కదా, పైగా సంగీతం, నాట్యం కూడానా?

ప్రశ్న సబబైనదే. బొమ్మలు చేసినవారిని ప్రళయదినాన వాటికి ప్రాణం పోయమని అడుగుతారన్న హదీసు ప్రసిద్ధమైనది. అధిక సంఖ్యాకులైన ఉలమాలు జీవుల చిత్రాలను నిషిద్ధంగానో, అవాంఛనీయంగానో భావించారు. పాట విషయంలో అభిప్రాయభేదాలు ఎక్కువ. ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) ఇహ్యా గ్రంథంలో సమా గురించి ఒక ప్రకరణమే రాసి, ఏది తగును, ఏది తగదు అని విడదీశారు. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా సమా విషయంలో గియాసుద్దీన్ తుగ్లఖ్ కాలంలో ఉలమాల సభ ముందు హాజరై జవాబు చెప్పవలసి వచ్చింది. ఔరంగజేబు స్వయంగా సంగీతం వినడం మానుకున్నాడు. కానీ అతని ఏలుబడిలోనే ఫఖీరుల్లా అనే అమీరు రాగ్ దర్పణ్ అనే సంగీత గ్రంథాన్ని ఫార్సీలో రాశాడు. ఈ చర్చ నిన్నటిది కాదు, రేపటితో ముగిసేదీ కాదు. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. ఎవరికి నమ్మకమైన ఆలిం ఉంటే వారిని అడగండి.

అయితే ఒక సంగతి గుర్తుచేస్తాము. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న తెరను చూసి ప్రవక్త (స) అయిష్టపడినప్పుడు ఆమె దానిని కోసి దిండ్లకు వాడుకున్నారని హదీసులలో ఉంది. గౌరవంగా ఎత్తున వేలాడదీసిన బొమ్మకూ, అలా కాని బొమ్మకూ తేడా ఉందని ఎందరో ఫుఖహాలు ఈ సంఘటన ఆధారంగా వాదించారు. ఇంటి గోడకు వేలాడదీయడం వేరు. ఒక పాత పుస్తకాన్ని చరిత్ర సాక్ష్యంగా భద్రపరచి చదువుకునేవారికి అప్పగించడం వేరు.

పెట్టెల్లోని కాగితాలు

ఈ తేడా ఎందుకు చెబుతున్నామంటే, దక్కన్ పట్టణాల్లో ఎన్నో పాత ముస్లిం ఇళ్లలో నేటికీ ఇనుప పెట్టెలు, చెక్క సందూఖులు ఉన్నాయి. వాటి అడుగున ఏముందో ఇంటివారికే తెలియదు. తాతగారు పోయాక, ఇల్లు అమ్మేటప్పుడో, అన్నదమ్ములు పంచుకునేటప్పుడో పెట్టె తెరుస్తారు. జాగీరు కాగితాలు, ఖుర్ఆన్ చేతిరాత ప్రతులు, యునానీ నుస్ఖాలు, అక్కడక్కడా బొమ్మలున్న పుటలు బయటపడతాయి. ఖుర్ఆన్ ప్రతిని భక్తితో మసీదుకు ఇస్తారు. ఫార్సీ కాగితాలు అర్థంకాక కబాడీవాడికి తూకం వేస్తారు. బొమ్మలున్న పుటల సంగతే ఎటూ తేలదు. ఇంట్లో బొమ్మ ఉంటే రహమత్ ఫరిష్తాలు రారని ఒకరు చింపేస్తారు. ఒకరు ముఖాలు మాత్రం గీకేస్తారు. తెలివైనవాడనుకునే మరొకడు ఊళ్లోకి వచ్చిన దలాలుకు కొన్ని వందల రూపాయలకు అమ్మేస్తాడు.

అలా ఒక కుటుంబం వారు ఒక పుట తెచ్చి మా ముందు పెట్టారు. కాల్చాలా, పాతిపెట్టాలా అని అడగడానికి వచ్చారు. అంచులు చెదలు తిన్నాయి. మధ్యలో స్త్రీ, వీణ, ఒకే ఒక లేడి. పైన నస్తాలీఖ్‌లో తోడీ అనే ఒక్క మాట. ఆ మాట చదివి వినిపించేసరికి ఆ ఇంటి పెద్దావిడ, ఇది పాట పేరా మియా, మేము ఎవరో దర్గా బీబీ అనుకున్నాం అన్నారు. వారి పిల్లలు ముగ్గురూ డిగ్రీలు చదివారు. ఆ ఒక్క మాట చదవగలిగినవారు ఇంట్లో లేరు.

మాకు అసలు బాధ కలిగించేది ఇది. చిత్రం ఎవరికైనా కనిపిస్తుంది, రాత మాత్రం చదవగలిగినవారికే కనిపిస్తుంది. ప్రాగ్‌లోని ఇబ్రాహీం చిత్రం సంగతి పైన చెప్పాము. అందులో ఉన్నది బీజాపూర్ సుల్తాను అని, గీసినది ఫర్రుఖ్ బేగ్ అని లోకానికి తెలిసింది పుట మీద జహంగీర్ దర్బారు ఖత్తాతు ముహమ్మద్ హుసేన్ జరీన్ ఖలం హిజ్రీ 1019లో రాసిన ఫార్సీ వాక్యాల వల్ల. చునార్ చిత్రకారుల పేర్లూ ఫార్సీ రాత వల్లనే మిగిలాయి. నేడు దేశదేశాల విశ్వవిద్యాలయాల్లో ఈ పటాల మీద పనిచేసేవారు ఏళ్ల తరబడి కష్టపడి ఫార్సీ నేర్చుకుంటున్నారు. మన పిల్లలకు అలిఫ్ బే ఇంట్లోనే వస్తుంది, నస్తాలీఖ్ చదివే అలవాటు మదర్సాలో వస్తుంది. అటువంటి పిల్లవాడు కొంచెం ఫార్సీ, కొంచెం చరిత్ర, కొంచెం ఇంగ్లీషు కలుపుకుంటే లిఖిత ప్రతుల భాండాగారాల్లో చేయవలసిన పని ఎంతో ఉంది. మదర్సా చదువుకు ఇమామత్ తప్ప దారి లేదనుకునే తల్లిదండ్రులు ఈ దారిని కూడా ఆలోచించాలి. ఆడపిల్లలకైతే ఇది కూర్చుని చేసే మర్యాదైన విద్య. పటం గీయమని మేము చెప్పడం లేదు, పటం మీది రాత చదవమంటున్నాము.

పెట్టెలో అటువంటి కాగితం దొరికితే చేయవలసినవి, చేయకూడనివి కొన్ని ఉన్నాయి. సెల్లోటేపు అంటించకూడదు. లామినేషన్ అసలే చేయించకూడదు, తరువాత ఎవరూ బాగుచేయలేరు. తడిగుడ్డతో తుడవకూడదు. ఎండలో పెట్టకూడదు. మడత ఉంటే బలవంతంగా విప్పకూడదు. శుభ్రమైన తెల్ల నూలుబట్టలో చుట్టి, పొడిగా ఉండే చోట, నేలకు ఎత్తుగా ఉంచాలి. ముందువైపే కాక వెనుకవైపు కూడా ఫోటో తీయించాలి. మొహర్లు, పాత యజమానుల పేర్లు, చేతులు మారిన తేదీలు ఎక్కువగా వెనుకనే ఉంటాయి.

అమ్మే ముందు చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చిత్రం, డెబ్బై ఐదేళ్లు దాటిన విలువైన లిఖిత ప్రతి పురావస్తువులే. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయడమూ నేరమే. ఇంటికి వచ్చి అడిగే దలాలు ఈ మాట చెప్పడు. ఇంట్లో ఉంచుకోవడం ఇష్టం లేనివారు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత ప్రతుల గ్రంథాలయాన్ని గానీ, సాలార్‌జంగ్ మ్యూజియాన్ని గానీ అడగవచ్చు. అప్పగించేటప్పుడు కుటుంబం పేరు, ఊరి పేరు రాయించి రసీదు తీసుకోవాలి. కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం సగం చరిత్ర.

పిల్లలకు ఈ పటాలను చూపించాలనుకునేవారు లండన్ దాకా పోనవసరం లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో సూక్ష్మచిత్రాల విభాగం ఉంది. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా దక్కనీ కవితల సచిత్ర కుల్లియాత్ ప్రతి కూడా ఆ మ్యూజియం సొత్తే. హైదరాబాద్‌లోనే జగదీశ్, కమలా మిట్టల్ దంపతులు జీవితమంతా సేకరించిన భారతీయ కళాఖండాల మ్యూజియం ఉంది. వెళ్లేటప్పుడు ఉర్దూ చదవడం వచ్చిన నానీనో దాదీనో వెంట తీసుకెళ్లండి. పటం పైనున్న పేరును వారి చేత చదివించండి, పిల్లల చేత పటంలోని లేళ్లను లెక్కపెట్టించండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. శనివారం బయలుదేరడం మంచిది.